లండన్ కట్టడాలు చూడటానికి నాలుగు తేదీలు, రెండు రోజులు

నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి పిల్లల దగ్గరికి లండన్ వెళ్ళిన అమ్మానాన్నలకు ఊరు చూపించే రోజు చాలావరకు ఆదివారమే అవుతుంది. పిల్లలకు సెలవు అప్పుడే గదా. చిక్కు అక్కడే మొదలవుతుంది. సెయింట్ పాల్స్ కెథీడ్రల్, వెస్ట్‌మినిస్టర్ ఆబీ అనే రెండు పెద్ద చర్చిలను ఆదివారం ప్రార్థనల కోసమే తెరుస్తారు. చూడటానికి వచ్చినవాళ్ళకు టికెట్ ఉండదు. ఊళ్ళో చరిత్ర ఎక్కువగా దాచుకున్న రెండు చోట్లనూ బయటి నుంచి ఫొటో తీసుకుని రావడమే మిగులుతుంది. అందుకని కింద చెప్పే రెండు రోజుల్లో మొదటిది శనివారం, రెండోది పనిరోజు పెట్టుకోండి. రెండో రోజు చూసేవన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి, పిల్లలు ఆఫీసుకు వెళ్ళినా పెద్దవాళ్ళిద్దరే చూసి రాగలరు.

రెండో చిక్కు, పాతదేదో కొత్తదేదో తెలియకపోవడం. లండన్‌లో చూపుకు పాతగా కనిపించేవన్నీ పాతవి కావు. కోట బురుజుల్లాంటి టవర్ బ్రిడ్జి 1894లో తెరిచింది. పార్లమెంటు భవనం విక్టోరియా రాణి కాలంలో కట్టింది. ఈ పొరపాటు పోవాలంటే నాలుగు తేదీలు నోటికి పట్టుకుని బయల్దేరాలి: 1066, 1666, 1834, 1940.

నెల్లూరు జిల్లా తీరంలో పెద్దవాళ్ళు ఒక ఇంటి వయసు చెప్పాలంటే 84 తుపానుకు ముందు కట్టిందా తర్వాతా అంటారు. లండన్‌కు ఆ లెక్క యుద్ధాలతో, మంటలతో. 1066లో ఫ్రాన్సులోని నార్మండీ నుంచి విలియం దండెత్తి వచ్చి ఇంగ్లండును గెలిచాడు. 1666లో నాలుగు రోజుల అగ్నిప్రమాదం నగరం నడిబొడ్డును బూడిద చేసింది. 1834లో పార్లమెంటు కాలిపోయింది. 1940 సెప్టెంబరు నుంచి 1941 మే దాకా జర్మన్ విమానాలు బాంబులు వేశాయి. ఏ కట్టడం ముందు నిలబడినా ఈ నాలుగింటిలో వేటిని తప్పించుకుంది, వేటి తర్వాత కట్టారు అని అడిగితే దాని చరిత్రలో సగం తెలిసిపోతుంది.

రాయి కూడా గుర్తు పట్టిస్తుంది. ఎర్ర పెంకుల వరసలు మధ్యలో కనిపిస్తే రోమన్ గోడ. బూడిదరంగు గరుకు రాళ్ళు ఒక కొలత లేకుండా పేర్చి ఉంటే చాలావరకు మధ్యయుగాలది. తెల్లటి నున్నటి పోర్ట్‌లాండ్ రాయి దిట్టంగా వాడి ఉంటే 1666 తర్వాతది అనుకోవచ్చు. తేనెరంగు రాయి మీద సన్నటి చెక్కడం పని పైనుంచి కిందిదాకా నిండి ఉంటే 1834 తర్వాతి పార్లమెంటు. గోడ మీద చిల్లులు, గుంటలు ఉంటే బాంబు ముక్కలు తగిలిన గుర్తులు కావచ్చు.

బయల్దేరే ముందు

మెట్రోకు, బస్సుకు మనిషికొక కార్డు ఉండాలి. ఒకే బ్యాంకు కార్డుతో ఇద్దరు వెళ్ళబోతే రెండో మనిషికి గేటు తెరుచుకోదు. మెట్రోలో ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండుసార్లూ కార్డు తాకించాలి. దిగేటప్పుడు మరిచిపోతే ఎంత దూరం వెళ్ళారో యంత్రానికి తెలియదు కాబట్టి గరిష్ఠ చార్జీ పడుతుంది. బస్సులో ఎక్కేటప్పుడు తాకిస్తే చాలు. బస్సులో నగదు తీసుకోరు. రోజంతా ఒకే కార్డు వాడితే ఒక హద్దు దాటాక ఆ రోజుకు ఇక డబ్బు పట్టదు. ఉదయం కార్డు, మధ్యాహ్నం ఫోను వాడితే అది రెండు కార్డుల లెక్క, ఆ లాభం పోతుంది.

డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది, జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక. చలికాలం వెళ్ళినవాళ్ళు కింద చెప్పినదాన్ని రెండుకు బదులు మూడు రోజులకు పంచుకోవాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి: 1666 మంటల జ్ఞాపకంగా నిలిపిన మాన్యుమెంట్ స్తంభానికి, సెయింట్ పాల్స్ గుమ్మటం పైకి లిఫ్టు లేదు. టవర్ బ్రిడ్జి పైకి ఉంది. టికెట్లు వెబ్‌సైటులోనే, వేళతో సహా ముందే కొనండి. ఆ రోజు ఏదైనా మూసి ఉంటే అక్కడే తెలుస్తుంది.

మొదటి రోజు: టవర్ హిల్ నుంచి సెయింట్ పాల్స్ దాకా

టవర్ హిల్ స్టేషన్‌లో దిగి బయటికి రాగానే కోట వైపు పరుగెత్తకండి. స్టేషన్ పక్క తోటలో పెద్ద గోడ ముక్క ఒకటి ఉంది, ముందు రోమన్ చక్రవర్తి కంచు విగ్రహం. చాలామంది చూడకుండానే దాటిపోతారు. లండన్ పుట్టుక అక్కడుంది. రోమన్లు క్రీ.శ. 50 ప్రాంతంలో థేమ్స్ ఒడ్డున వేసిన ఊరు లండీనియం. పదేళ్ళు కాస్త దాటగానే బూడికా అనే స్థానిక రాణి తిరగబడి దాన్ని తగలబెట్టింది. 200 ప్రాంతంలో రోమన్లు ఊరి చుట్టూ గోడ కట్టారు. కింది భాగంలో ఎర్ర పెంకుల వరసలు కనిపించేంత ఎత్తు వాళ్ళది, పైభాగం మధ్యయుగాల్లో పెంచింది. ఒకే గోడలో వెయ్యేళ్ళ తేడా కంటికి కనిపించే చోటు ఇది. పది నిమిషాలు నిలబడి చూడండి.

తర్వాత లండన్ టవర్. తలుపులు తీసే వేళకే అక్కడ ఉండాలి, ముందుగా రాజాభరణాల భవనానికి వెళ్ళాలి. పది దాటితే అక్కడ వరస పెరిగిపోతుంది. మిగతా కోటంతా తీరిగ్గా చూడొచ్చు గానీ ఆ వరస ఒక్కటే పూట తినేస్తుంది. లోపల ముఖ్యమైన కిరీటాల ముందు కదిలే పట్టీ మీద నిలబడి వెళ్ళాలి, ఫొటోలు తీయకూడదు. ఒకసారి చూసినదాంతో తృప్తి కాకపోతే వెనక్కి నడిచి మళ్ళీ ఎక్కండి.

మనవాళ్ళు వెతికేది కోహినూరు. అది 1937లో చేసిన, రాజమాత ఎలిజబెత్ పెట్టుకున్న కిరీటం ముందు భాగంలో ఉంది. కృష్ణ ఒడ్డున గుంటూరు సీమలోని కొల్లూరు గనుల్లో దొరికిందని ఎక్కువమంది చెప్పే మాట. చేతులు మారి మారి లాహోరు చేరింది. 1849లో పంజాబును ఈస్టిండియా కంపెనీ కలిపేసుకున్నప్పుడు, పదేళ్ళ దులీప్ సింగ్ చేత సంతకం పెట్టించిన లాహోరు ఒప్పందంలో ఈ వజ్రాన్ని అప్పగించాలన్న షరతు ఉంది. 1851లో లండన్ ప్రదర్శనలో పెడితే మెరుపు చాల్లేదని జనం పెదవి విరిచారు. మరుసటి ఏడు మళ్ళీ సానబట్టారు. 186 కేరట్ల రాయి 105.6 కేరట్లకు తగ్గింది. మీరు చూసేది ఆ తగ్గిన రాయిని. 2023లో రాణి కెమిల్లా పట్టాభిషేకానికి కోహినూరు లేని కిరీటాన్ని వాడారు.

ఆభరణాల తర్వాత మధ్యలో ఉన్న వైట్ టవర్. కోటకు పేరు తెచ్చింది ఇదే. విలియం 1070లలో మొదలుపెట్టించాడు, 1100 నాటికి పూర్తయింది. ఎత్తు 27 మీటర్లు, అడుగున గోడ మందం నాలుగు మీటర్లకు పైనే. పరాయి దేశం నుంచి వచ్చి గెలిచినవాడు గెలిచిన జనానికి రోజూ కనపడాలని కట్టుకున్న కోట ఇది. ఆ సంగతి తెలిస్తేనే ఇంత మందపు గోడలు ఎందుకో అర్థమవుతుంది. 13వ శతాబ్దంలో మూడో హెన్రీ రాజు సున్నం కొట్టించాక తెల్ల బురుజు అన్న పేరు నిలిచింది. లోపల సన్నటి సుడి మెట్లు ఉంటాయి, మోకాళ్ళు సహకరించనివాళ్ళు బయట పచ్చిక దగ్గర ఆగొచ్చు. ఎనిమిదో హెన్రీ భార్య ఆన్ బొలీన్‌కు 1536లో తల నరికింది అక్కడే, గుర్తుగా గాజుతో చేసిన స్మారకం ఉంది. ఎర్ర అంచుల ముదురు నీలం దుస్తుల కాపలాదార్లు వెంట తిప్పుతూ చెప్పే కథనం టికెట్‌లోనే కలిసి ఉంటుంది. వాళ్ళంతా సైన్యంలో కనీసం 22 ఏళ్ళు చేసినవాళ్ళు, గొంతు బాగా వినిపిస్తుంది. కాకపోతే వాళ్ళ ఇంగ్లిషు వేగంగా సాగుతుంది. ముందు వరసలో నిలబడితే అందుతుంది.

మధ్యాహ్నం పెట్టెలో తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం నది ఒడ్డు బెంచీల మీద తినొచ్చు. అక్కడి నుంచి టవర్ బ్రిడ్జి ఎదురుగా కనిపిస్తుంది. కోట పక్కన కట్టాలి కాబట్టి కోటకు నప్పే రూపు ఉండాలన్నారు. లోపల 11,000 టన్నులకు పైగా ఉక్కు, పైన రాతి తొడుగు. 1886లో మొదలై 1894 జూన్ 30న తెరిచారు. ఓడ వచ్చినప్పుడు మధ్యభాగం రెండు ముక్కలై పైకి లేస్తుంది. మొదట్లో ఆవిరి బలంతో నీటి ఒత్తిడి పుట్టించి లేపేవాళ్ళు, 1976 నుంచి కరెంటు, నూనెతో. ఏ రోజు ఏ వేళకు లేస్తుందో వంతెన వెబ్‌సైటులో వేస్తారు, ముందు అది చూసి వేళ కుదుర్చుకోండి. దీన్ని లండన్ బ్రిడ్జి అనుకోవడం అందరూ చేసే పొరపాటు. లండన్ బ్రిడ్జి పడమరగా ఉన్న తర్వాతి వంతెన. ఇప్పటిది 1973లో తెరిచిన సాదా కాంక్రీటు వంతెన. దానికి ముందున్న 1831 నాటి వంతెన రాళ్ళను 1968లో ఒక అమెరికన్ కొని, అరిజోనా రాష్ట్రానికి తరలించి, లేక్ హవాసు అనే ఊళ్ళో మళ్ళీ నిలబెట్టించాడు.

ఇక్కడి నుంచి పడమరకు నడవాలి. దారిలో ఒక అర కిలోమీటరు పక్కకు తిరిగి లీడెన్‌హాల్ వీధికి వెళ్ళమని మా సలహా. అక్కడ ఇప్పుడు లాయిడ్స్ భవనం ఉంది, గొట్టాలూ లిఫ్టులూ అన్నీ బయటికే పెట్టి 1986లో కట్టింది. ఆ స్థలంలోనే 1861లో కూల్చేదాకా ఈస్టిండియా కంపెనీ కేంద్ర కార్యాలయం ఉండేది. నెల్లూరు సీమకు ఈ కంపెనీతో బంధం మద్రాసు కంటే పాతది. 1626 నాటికే కంపెనీ దుగరాజపట్నంలో కోఠీ పెట్టింది, వాళ్ళ కాగితాల్లో ఆ ఊరి పేరు ఆర్మగాం. అక్కడ వ్యాపారం కలిసిరాక, అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన ఇంకో చోటు కుదుర్చుకున్నాడు. అదే మద్రాసు. మన తీరాన ఓడ ఆగాలా కదలాలా అన్నది తేల్చిన భవనం చోట ఈనాడు దాని గోడ ఒక్కటీ లేదు. అయినా ఆ వీధిలో నిలబడి ఈ సంగతి పిల్లలకు చెప్పవలసిందే.

తర్వాత మాన్యుమెంట్. 1666 సెప్టెంబరు 2న తెల్లవారుజామున పుడ్డింగ్ లేన్‌లో ఒక రొట్టెల బట్టీలో నిప్పు అంటుకుంది. ఆ ఎండాకాలం వానల్లేవు, ఇళ్ళు కొయ్యవి, ఇరుకు వీధులు, తూర్పు నుంచి బలమైన గాలి. మంటకు అడ్డంగా ఇళ్ళు కూల్చి ఖాళీ చేయడమే ఆనాటి ఉపాయం. నగర మేయరు ఆ నిర్ణయం తీసుకోవడానికి తటపటాయించాడు. 13,200 ఇళ్ళు, 87 చర్చిలు, పాత సెయింట్ పాల్స్ పోయాయి. దాని జ్ఞాపకంగా 1677లో పూర్తయిన స్తంభం ఎత్తు 202 అడుగులు. బట్టీ ఉన్న చోటికీ స్తంభానికీ దూరం కూడా 202 అడుగులే. 311 మెట్లు, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అదే సన్న దారి. నిప్పు పెట్టింది కేథలిక్కులేనని 1681లో దాని మీద చెక్కిన అబద్ధపు వాక్యాన్ని 1830లో చెరిపేశారు. చుట్టూ పెద్ద భవనాలు లేచినందున పైనుంచి దృశ్యం అంతంతమాత్రం. ఎక్కకపోయినా నష్టం లేదు, కింద శిల్పం చూస్తే చాలు.

మరో కిలోమీటరు నడిస్తే సెయింట్ పాల్స్. కాళ్ళు లాగితే 15 నంబరు బస్సు ఎక్కండి. ఆ రోజు ఓపిక మిగల్చాల్సింది దీనికోసమే. క్రిస్టఫర్ రెన్ 1675లో మొదలుపెట్టి, 1708లో తన కొడుకు చేతి మీదుగా చివరి రాయి పెట్టించాడు. ఒక శిల్పి తను గీసిన కెథీడ్రల్ పూర్తి కావడం కళ్ళారా చూడటం ఇంగ్లండులో అరుదు. ఖర్చుకు లండన్‌కు వచ్చే బొగ్గు మీద పన్ను వేశారు. ఆ పన్ను సొమ్ముతో కట్టిన తెల్ల గోడలను ఆ బొగ్గు పొగే తర్వాత రెండు వందల ఏళ్ళు నల్లబరిచింది.

గుమ్మటం ఒకటి కాదు, మూడు. లోపల నిలబడి తలెత్తితే కనిపించేది ఒకటి. బయట వీధిలోంచి కనిపించేది సీసపు రేకు తొడిగిన కొయ్య గుమ్మటం. రెంటికీ మధ్య కంటికి కనపడని ఇటుకల శంఖువు ఉంది. శిఖరం మీది 850 టన్నుల రాతి మండపం బరువంతా మోసేది అదే. ఎందుకు ఇట్లా? ఊరంతటికీ కనిపించాలంటే గుమ్మటం ఎత్తుగా ఉండాలి, లోపలి మనిషికి అందంగా ఉండాలంటే పొట్టిగా ఉండాలి. రెండూ ఒక గుమ్మటంతో కుదరవు. పైకెక్కేవాళ్ళు మెట్ల మీద పక్కన ఏటవాలుగా సాగే ఇటుక గోడను గమనించండి, అది ఆ శంఖువే. చిట్టచివరి మిద్దెకు 528 మెట్లు. 257 మెట్ల దగ్గర గుసగుసల మిద్దె ఉంది, అది తెరిచి ఉందో లేదో టికెట్ దగ్గరే అడగండి. ఎక్కలేనివాళ్ళు నేలమాళిగకు దిగండి. రెన్ సమాధి మీద లాటిన్‌లో ఉన్న మాటకు అర్థం: అతని స్మారకం కావాలంటే చుట్టూ చూడు.

1940 డిసెంబరు 29 రాత్రి చుట్టుపక్కల వీధులన్నీ కాలుతున్నప్పుడు ఈ గుమ్మటం నిలిచింది. అది అదృష్టం ఒక్కటే కాదు. రాత్రంతా పైకప్పుల మీద ఇసుక, నీళ్ళ పంపులతో కాపలా కాసిన మనుషుల బలం అది. సాయంత్రం ప్రార్థనకు టికెట్ లేదు, ఎవరైనా కూర్చోవచ్చు. పాట ఉన్న రోజైతే తప్పకుండా కూర్చోండి, ఆ కప్పు కింద గొంతులు ఎట్లా మోగుతాయో వినాలి.

ఇంటికి వెళ్తూ మళ్ళీ 15 నంబరు బస్సు ఎక్కితే స్ట్రాండ్ దగ్గర సెయింట్ క్లెమెంట్ డేన్స్ అనే చర్చి వస్తుంది. దాని గోడలకు 1941 బాంబు ముక్కలు చేసిన గుంటలు అట్లాగే వదిలేశారు.

రెండో రోజు: వెస్ట్‌మినిస్టర్

ఉదయం ముందు ఆబీ. 1065 డిసెంబరులో ఎడ్వర్డ్ రాజు ఇక్కడ చర్చి ప్రతిష్ఠ చేయించి రోజుల్లోనే చనిపోయాడు. ఏడాది తిరిగి 1066 క్రిస్మస్ నాడు విలియం అక్కడే కిరీటం పెట్టుకున్నాడు. అప్పటి నుంచి 2023లో మూడో చార్లెస్ దాకా పట్టాభిషేకాలు ఇక్కడే. అయితే మీరు చూసే కట్టడంలో ఎక్కువ భాగం మూడో హెన్రీ 1245 నుంచి తిరిగి కట్టించింది. పడమటి ముఖం మీది రెండు బురుజులు ఇంకా చిన్నవి, 1745లో పూర్తయ్యాయి. ఫొటోల్లో అందరూ తీసుకునేది ఆ బురుజులనే.

లోపల సమాధులు వేలల్లో ఉన్నాయి. అన్నీ చదవబోతే మధ్యాహ్నానికి తల తిరుగుతుంది. నాలుగు చాలు: నడిమి దారిలో ఐజాక్ న్యూటన్, ఆ దగ్గర్లోనే డార్విన్, 2018లో వచ్చిన స్టీఫెన్ హాకింగ్, తలుపు దగ్గర గసగసాల పూల వరస నడుమ 1920లో పాతిపెట్టిన పేరు తెలియని సైనికుడు. ఆ రాతి పలక మీద ఎవరూ అడుగు పెట్టరు, మీరూ చుట్టి రండి. 1300 ప్రాంతంలో చేయించిన పట్టాభిషేకపు కుర్చీ కింద ఖాళీ అర కనిపిస్తుంది. స్కాట్లండు నుంచి తెచ్చిన రాయి అక్కడ ఉండేది, 1996లో తిరిగి ఇచ్చేశారు.

ఎదురుగా పార్లమెంటు. 1834 అక్టోబరు 16న అది ఎందుకు కాలిందో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ప్రభుత్వ పద్దుల కోసం వందల ఏళ్ళు గాట్లు పెట్టిన కర్రలు వాడేవాళ్ళు. ఆ పద్ధతి 1826లో ఆపేశారు. మిగిలిన కర్రలు బండ్లకొద్దీ ఉంటే ప్రభువుల సభ కింది పొయ్యిల్లో వేసి తగలబెట్టమన్నారు. పొగగొట్టాలు అంత వేడికి తట్టుకోలేకపోయాయి. సాయంత్రానికి మొత్తం అంటుకుంది. ఇప్పటి భవనం చార్లెస్ బారీ, పూజిన్ అనే ఇద్దరి పని. ఆ మంటను తప్పించుకున్నది వెస్ట్‌మినిస్టర్ హాలు. విలియం కొడుకు 1097లో మొదలుపెట్టించింది. 1390లలో వేసిన ఓకు చెక్క కప్పు నడుమ ఒక్క స్తంభం లేకుండా 20 మీటర్ల వెడల్పును దాటుతుంది. నాలుగు తేదీల్లో మూడింటిని దాటి వచ్చిన గది ఇది.

దీన్ని డబ్బు లేకుండా చూసే దారి ఉంది. సభ జరిగే రోజుల్లో, ముఖ్యంగా సోమవారం నుంచి గురువారం, చర్చలు వినడానికి ఎవరినైనా లోపలికి పంపుతారు. ఆ దారి ఈ హాల్లోంచే పోతుంది. విమానాశ్రయంలో లాగా తనిఖీ ఉంటుంది కాబట్టి కత్తి, కత్తెర సంచిలో పెట్టుకోకండి. కామన్స్ అనే దిగువ సభ మందిరం 1941 మేలో బాంబుకు పోయింది, ఇప్పటిది 1950 నాటిది.

బిగ్ బెన్ అన్నది గంట పేరు, గోపురానిది కాదు. గోపురం ఎత్తు 96 మీటర్లు, 2012 నుంచి దానికి ఎలిజబెత్ పేరు. 13.7 టన్నుల గంట 1859 జులైలో మోగడం మొదలుపెట్టి సెప్టెంబరులోనే పగిలింది, సుత్తి మరీ బరువైనందువల్ల. గంటను కాస్త పక్కకు తిప్పి, తేలిక సుత్తి పెట్టారు. ఆ పగులుతోనే ఈనాటికీ మోగుతోంది. గడియారం వేగం సరిచేయడానికి లోలకం మీద పాత పెన్నీ నాణేలు పెడతారు, ఒక్క నాణెంతో రోజుకు 0.4 సెకన్ల తేడా. గంట కొట్టేటప్పుడు పార్లమెంటు చౌకులో ఉండండి. 2015లో పెట్టిన గాంధీ విగ్రహం అక్కడే ఉంది.

అక్కడి నుంచి సెయింట్ జేమ్స్ పార్కులో నడిచి బకింగ్‌హామ్ రాజభవనానికి వెళ్ళొచ్చు. జెండా చూస్తే రాజు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది: రాజచిహ్నాల జెండా ఉంటే ఉన్నట్టు, యూనియన్ జెండా ఉంటే లేనట్టు. బాల్కనీ ఉన్న ముఖం 1913లో వేసిన రాతి తొడుగు. సైనికుల మార్పిడి చూడాలంటే గంట ముందే కంచె పట్టుకోవాలి, ఆ ఉదయం ఆబీ వదులుకోవాలి. మా మాట అడిగితే ఆబీనే మేలు.

సాయంత్రం ట్రఫాల్గర్ చౌకు. నెల్సన్ స్తంభం 1843 నాటిది, చుట్టూ సింహాలు 1867లో వచ్చాయి. లండన్‌కు దూరాలు కొలిచేది పక్కనే గుర్రం మీదున్న మొదటి చార్లెస్ విగ్రహం దగ్గర నుంచి. నేషనల్ గ్యాలరీకి టికెట్ లేదు, కూర్చోవడానికీ మరుగుదొడ్డికీ అదే మంచి చోటు.

ఒక పూట మిగిలితే

బ్రిటిష్ మ్యూజియానికి వెళ్ళండి. 1759లో జనానికి తెరిచారు, ప్రవేశం ఉచితం. ఈజిప్టు మమ్మీల దగ్గరే పూటంతా గడిపి అలసిపోకండి, ముందు 33ఎ గదికి నడవండి. అమరావతి స్తూపం రాళ్ళు అక్కడున్నాయి. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన ఈ శిల్పాలను 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపాడు. 1859లో లండన్‌కు ఓడెక్కించారు. 33వ గది చివరిదాకా నడిస్తే అద్దాల వెనక కనిపిస్తాయి. దూరం నుంచి చూసి వచ్చేయకుండా ఒక్కొక్క పలక ముందు ఆగండి. తామరపూల వరసలు, స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేసే మనుషులు, ఏనుగులు, నాగులు అన్నీ ఉన్నాయి. అదే స్తూపం రాళ్ళు ఇంకా చాలా చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. నెల్లూరు నుంచి ఉదయం రైలెక్కి సాయంత్రానికి తిరిగి రావచ్చు. వీలైతే ప్రయాణానికి ముందే అవి చూసి వెళ్ళండి, లండన్‌లో ఏ పలక స్తూపంలో ఏ చోట ఉండేదో పోల్చుకోవడానికి పనికొస్తుంది.